అంకోర్‌లో ఒక్క రోజు: సూర్యోదయం వదిలేయండి, గోడలు చదవండి

కంబోడియాలోని అంకోర్ వాట్ పడమటి ముఖం గుడి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే, ఒక్క రోజు టికెట్‌తో వెళ్లేవాళ్లకు సగం అవస్థ తప్పుతుంది. గుడి ముందు నిలబడితే సూర్యుడు దాని వెనకనుంచి లేస్తాడు. అంటే తెల్లవారుజామున మీకు కనిపించేది గుడి కాదు, గుడి ఆకారంలో ఒక నల్లటి గీత. ఆకాశం బాగుంటే అది అందంగానే ఉంటుంది, కాదనను. మబ్బు పట్టిందంటే నాలుగు గంటలకు లేచి, ఎడమవైపు కొలను గట్టున వందల మంది మధ్య మోచేతులతో తోసుకుని, బూడిదరంగు ఆకాశాన్ని ఫొటో తీసుకుని వస్తారు. జూన్ నుంచి అక్టోబరు దాకా వానాకాలం కాబట్టి ఆ నెలల్లో ఇది మామూలే.

ఇంకో లెక్క కూడా ఉంది. కంబోడియా మనకంటే గంటన్నర ముందు. అక్కడి ఉదయం ఐదు అంటే మన తెల్లవారుజాము మూడున్నర. ముందురోజు రాత్రి దిగినవాళ్లు ఆ వేళకు లేస్తే మధ్యాహ్నానికి కాళ్లు ఈడుస్తారు. సరిగ్గా అప్పుడే చూడాల్సిన అసలు గోడలు మొదలవుతాయి. అందుకే కింద చెప్పే క్రమం అందరూ వెళ్లేదానికి తలకిందులుగా ఉంటుంది. పొద్దున చెట్లు కమ్మేసిన తా ప్రోమ్ మఠం, తర్వాత అంకోర్ థోమ్ అనే కోట నగరం, దాని మధ్యలోని బయోన్ గుడి, మధ్యాహ్నం దాటాక అంకోర్ వాట్.

ముందు టికెట్ సంగతి. విదేశీయులకు ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజుల టికెట్‌ను వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే. ఏడు రోజులదానికి నెల గడువు. 12 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, కానీ వయసు చూపడానికి వాళ్ల పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. ప్రతి టికెట్‌లోంచి 2 డాలర్లు కంథా బోఫా పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి.

టికెట్ గుడి దగ్గర అమ్మరు. గుళ్లకు దగ్గరి ఊరైన సియెం రీప్‌లోంచి గుళ్లకు వెళ్లే దారికి పక్కగా, వేరే రోడ్డు మీద, ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో కౌంటర్లున్న పెద్ద భవనం ఉంది. అక్కడ ఫొటో తీసి టికెట్ మీద ముద్రిస్తారు కాబట్టి మనిషి స్వయంగా వెళ్లాల్సిందే, ఒకరి టికెట్ ఇంకొకరికి పనికిరాదు. నేరుగా గుడికి వెళ్లిపోతే వెనక్కి పంపిస్తారు, అరగంట పైనే పోతుంది. ఆన్‌లైన్‌లో అధికారిక సైటులో కొంటే ఈ తిప్పలు లేవు, ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. కాకపోతే ఫోన్ ఛార్జింగ్ సాయంత్రం దాకా నిలవాలి, ఎందుకంటే దాదాపు ప్రతి పెద్ద గుడి దగ్గరా మళ్లీ తనిఖీ చేస్తారు. ముందురోజు సాయంత్రం ఐదు దాటాక కౌంటర్‌లో కొన్న టికెట్ మర్నాటి తేదీతో వస్తుంది, ఆ సాయంత్రం సూర్యాస్తమయానికీ పనికొస్తుంది. దాన్ని వాడుకోవాలంటే విమానం మధ్యాహ్నానికల్లా దిగాలి. 2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్లకు పైనే ఉంది, రోడ్డు మీదే ఇంచుమించు గంట పడుతుంది. పాత బ్లాగుల్లో చదివిన "ఎయిర్‌పోర్ట్ నుంచి పదిహేను నిమిషాలు" మాట ఇప్పుడు చెల్లదు.

వీసా మన పాస్‌పోర్ట్‌కు అక్కడే దిగాక ఇస్తారు, టూరిస్ట్ వీసాకు 30 డాలర్లు. ఎక్కేముందే ఈ-అరైవల్ ఫారం ఆన్‌లైన్‌లో నింపుకుని ఉండాలి. డాలర్ నోట్ల విషయంలో మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లను చూసినంత పట్టింపు. చిన్న చిరుగున్నా, పెన్ను గీత ఉన్నా, మరీ నలిగినా తీసుకోరు. మన దగ్గర మనీ ఛేంజర్ ఇచ్చినప్పుడే ఒక్కో నోటూ వెలుతురులో పెట్టి చూసుకుని, బాగాలేనివి అక్కడే మార్పించుకోండి. 1, 5, 10 డాలర్ల నోట్లు ఎక్కువ అడగండి. ఒక డాలర్ లోపు చిల్లర రియెల్‌లలో వస్తుంది. సుమారు 4,000 రియెల్‌లు ఒక డాలర్.

బండి మాటకొస్తే, వెనక బోగీ తగిలించిన మోటార్‌సైకిల్‌ను అక్కడ రెమోర్క్ అంటారు, టుక్‌టుక్ అన్నా అందరికీ తెలుసు. రోజంతటికీ ఇరవై డాలర్ల అటూఇటూ అడుగుతారు. బేరం కంటే ముఖ్యమైనది దారి మాట్లాడుకోవడం. "స్మాల్ సర్క్యూట్" అంటే 17 కిలోమీటర్ల చిన్న చుట్టు అని డ్రైవర్లందరికీ తెలుసు. వాళ్ల అలవాటు అంకోర్ వాట్ నుంచి మొదలుపెట్టి అంకోర్ థోమ్ దక్షిణ ద్వారం, బయోన్, అక్కణ్ణుంచి తా ప్రోమ్. "దాన్ని తిరగేసి వెళ్దాం, మొదటగా తా ప్రోమ్ తూర్పు వాకిలి దగ్గర దింపు, పడమటి వాకిలి దగ్గర ఎక్కించుకో" అని ముందురోజే చెప్పండి. లేకపోతే దిగిన చోటికే తిరిగి నడిచి రావాలి, అరగంట దండగ. బండి నంబరు ఫొటో తీసుకోండి. వాకిలి బయట అరవై బండ్లు ఒకేలా ఉంటాయి.

అంకోర్ వాట్ ఉదయం ఐదుకే తెరుస్తారు గానీ తా ప్రోమ్, బయోన్ లాంటివి 7:30కి. కాబట్టి ఊళ్లో ఇంత తిని 6:50కి బయలుదేరితే సరిపోతుంది. సూర్యోదయం గుంపు ఆ వేళకు అంకోర్ వాట్ ఎదుట టిఫిన్ చేస్తుంటుంది. వాళ్లు తా ప్రోమ్ చేరేసరికి పది దాటుతుంది. ఆ రెండున్నర గంటలూ మీవే.

తా ప్రోమ్ అంటే అక్కడి ఖ్మేర్ భాషలో "బ్రహ్మ తాత". 'తా' అంటే తాతే, వినగానే మనకు అర్థమయ్యే మాట. అది పుట్టు పేరు కాదు. ఏడో జయవర్మ 1186లో దీన్ని కట్టించినప్పుడు పేరు రాజవిహారం. బౌద్ధ మఠం, తల్లి జ్ఞాపకంగా ఆమె పోలికలతో ప్రజ్ఞాపారమిత విగ్రహం పెట్టించాడు. ఇక్కడి సంస్కృత శాసనం ఒక పద్దు పుస్తకంలా ఉంటుంది. లోపల ఉండేవాళ్లు 12,640 మంది, అందులో నాట్యకత్తెలు 615 మంది, సేవకు రాసిచ్చిన ఊళ్లు 3,140, ఆ ఊళ్లలో పనిచేసేవాళ్లు 79,365. ఇదంతా చదివి లోపలికి వెళ్తే ఆ ఖాళీ వసారాలు వేరే రకంగా కనిపిస్తాయి. ప్రహరీ లోపలి స్థలం కిలోమీటరు పొడవు, అర కిలోమీటరుకు పైగా వెడల్పు. చెట్లు కమ్మేసిన ఈ మఠం ఒకప్పుడు ఒక ఊరు.

గోడల మీద కూర్చున్న ఆ తెల్లటి కాండాల చెట్టును అక్కడ స్పుంగ్ అంటారు. కొన్నిచోట్ల మన మర్రి, జువ్వి జాతి చెట్లు కూడా ఉన్నాయి. పిట్ట వేసిన గింజ కప్పు మీద రాళ్ల సందులో మొలుస్తుంది, వేళ్లు మట్టి కోసం గోడ వెంట కిందికి దిగుతాయి, లావెక్కే కొద్దీ రాళ్లను విడదీస్తాయి. చిక్కేమిటంటే, కొంతకాలానికి ఆ వేళ్లే రాళ్లను పట్టి ఉంచే తాళ్లవుతాయి. చెట్టు కొట్టేస్తే గోడ కూలుతుంది, ఉంచితే గాలివానకు చెట్టే పడి గోడను లాగేస్తుంది. ఇక్కడ మరమ్మతు పని మన భారత పురావస్తు శాఖదే, 2003 తర్వాత మొదలై ఏళ్ల తరబడి సాగింది. తూర్పు నుంచి లోపలికి నడిస్తే ముందుగా వచ్చే నర్తనశాల వాళ్లు నిలబెట్టినదే, 2022 నవంబరులో తిరిగి తెరిచారు. కంచెల పక్కన భారత జెండాతో ఉన్న బోర్డులు కనిపిస్తాయి. ఆగి చదవండి, ముందు ఎలా ఉండేదో పాత ఫొటోలు పక్కనే పెట్టారు.

వేళ్ల మధ్య ఫొటోలకు చెక్క వేదికలు కట్టారు. వాటిమీంచి దిగి వేళ్ల మీద కూర్చోకండి, సిబ్బంది వెంటనే ఈల వేస్తారు. ఇక్కడి మొత్తానికి గంటన్నర చాలు.

పడమటి వాకిలి బయట బండెక్కితే దారిలో తా కేవ్ వస్తుంది. చెక్కడం మొదట్లోనే ఆపేసిన గుడి, దాదాపు మొత్తం నున్నటి రాతి దిమ్మెలు. దిగకపోయినా పర్వాలేదు గానీ బండి నెమ్మదించమనండి. అన్ని గుళ్లూ శిల్పం చెక్కకముందు ఇలాగే ఉండేవి. ముందు దిమ్మెలు పేర్చి, ఆ తర్వాత గోడ మీదే చెక్కేవాళ్లు. ఆ ముక్క ఇక్కడ కంటితో చూస్తే, మధ్యాహ్నం అంకోర్ వాట్‌లో సగం చెక్కి వదిలేసిన బొమ్మలు ఎందుకున్నాయో అడగాల్సిన పని ఉండదు.

తర్వాత విజయ ద్వారం గుండా అంకోర్ థోమ్‌లోకి. 'థోమ్' అంటే పెద్ద, 'అంకోర్' మన 'నగరం' మాటే. నాలుగు వైపులా మూడేసి కిలోమీటర్ల గోడ, ఎనిమిది మీటర్ల ఎత్తు, బయట కందకం. నాలుగు దిక్కులకు నాలుగు ద్వారాలు, రాజభవనానికి తిన్నగా తూర్పున ఈ ఐదోది. విజయ ద్వారం నుంచి రోడ్డు ఏనుగుల వేదిక ముందు తేలుతుంది. మూడు వందల మీటర్లకు పైగా పొడవున్న ఆ గోడ మీద ఏనుగులు నిజమైన ఏనుగుల కొలతలోనే ఉంటాయి. పక్కనే కుష్ఠురాజు వేదిక. దాని చుట్టూ పైగోడ చూసి కదిలిపోతారు చాలామంది. వెనక రెండో గోడ ఉంది, మధ్యలో సన్నటి సందు. కట్టేటప్పుడే మట్టితో పూడ్చేసినందువల్ల లోపలి నాగరాజుల బొమ్మలు నిన్న చెక్కినట్టుంటాయి. సందులోకి వెళ్లడానికి ఐదు నిమిషాలు, అంతే.

బాఫువోన్ దూరంనుంచి చూసినా చాలు అనేది నా లెక్క, మోకాళ్లు గట్టివాళ్లు మాత్రం ఎక్కొచ్చు. దాని కథ మటుకు తెలియాలి. పదకొండో శతాబ్దపు ఈ గుడిని బాగుచేయడానికి 1960లలో ఫ్రెంచి వాళ్లు మూడు లక్షల రాళ్లు విప్పి చుట్టూ అడవిలో పరిచారు. యుద్ధం వచ్చింది, పని ఆగింది, ఏ రాయి ఎక్కడిదో రాసిన పుస్తకాలు ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలించిన కాలంలో నాశనమయ్యాయి. ఒక్కో రాయినీ దాని పక్క రాయితో సరిచూస్తూ పేర్చడానికి 2011 దాకా పట్టింది. సున్నం, సిమెంటు లాంటిదేదీ పెట్టకుండా రాతిని రాతికి అరగదీసి కూర్చిన కట్టడం కాబట్టి ప్రతి రాయికీ ఒక్కటే చోటు. ఇంకే రాయీ అక్కడ ఇమడదు. పడమటి వైపు వెళ్తే రెండో అంతస్తు గోడే 70 మీటర్ల శయన బుద్ధుడు. ముఖం ఎక్కడుందో పోల్చుకోవడానికి కాస్త వెనక్కి నడవాలి.

బయోన్‌కు పదిన్నరకల్లా చేరితే ముఖాల మీద వెలుతురు ఇంకా బాగుంటుంది. గుడి తూర్పు ముఖం, అందుకే ఇది పొద్దుటి గుడి. అందరూ పైకి ఎగబాకి నాలుగు ముఖాల గోపురాలతో ముక్కుకు ముక్కు ఆనించినట్టు ఫొటోలు దిగుతారు. పై అంతస్తు మరమ్మతులకు మూసి ఉంచిన రోజులూ ఉంటాయి, అప్పుడు నిరాశపడి వెనుదిరగకండి. బయోన్‌లో నాకు గొప్పగా అనిపించేది కింది బయటి వసారా. తూర్పు వాకిలి దగ్గర ఎడమకు తిరిగి, గోడను కుడిచేతి వైపు పెట్టుకుని నడవండి. అంటే మన ప్రదక్షిణ దిశే. ముందు సైన్యం కదలిక, ఏనుగులు, ఎడ్లబండ్ల మీద వంటసామగ్రి. మూల తిరిగి దక్షిణం వైపు వస్తే, ఇప్పటి వియత్నాంలో ఉండిన పక్క రాజ్యం చంపా సైన్యంతో పడవల యుద్ధం. 1177లో చంపా వాళ్లు రాజధానిని దోచుకున్నారు, తర్వాత ఏడో జయవర్మ వాళ్లను తరిమి 1181లో రాజయ్యాడు.

ఆ యుద్ధం కిందనే, పాదాల ఎత్తులో, మామూలు జనం ఉన్నారు. చేపలమ్మే ఆడవాళ్లు, కోడిపందెం కడుతున్న రెండు జట్లు, కాగుతున్న బానలో పందిని దింపుతున్న వంటవాళ్లు, చదరంగం లాంటి ఆట, తలలో పేలు చూసే ఆవిడ, ప్రసవిస్తున్న స్త్రీ. రాజులు పైన కొట్టుకుంటున్నారు, కింద సంత నడుస్తోంది. కోడిపందెం బొమ్మ దగ్గర గోదావరి జిల్లాల వాళ్లు కాసేపు ఎక్కువే ఆగుతారు. జనం ముఖాల్లో పందెం కాసినవాడి ఉత్కంఠ ఏమాత్రం మారలేదు. ఈ గోడ వంగి చూడాలి, నిలబడి నడిచిపోతే కనపడదు.

దక్షిణ ద్వారం బయోన్ నుంచి కిలోమీటరున్నర. బండి ద్వారం దాటాక ఆపించి వెనక్కి తిరిగి చూడండి. వంతెనకు ఒక పక్క 54 మంది దేవతలు, ఇంకో పక్క 54 మంది అసురులు నాగుపామును లాగుతున్నారు. కొన్ని తలలు కొత్తవి, దొంగతనాల భయంతో అసలువి భద్రపరిచి నకళ్లు పెట్టారు. ఈ రోడ్డు పొడవునా కోతులు. చేతిలో అరటిపండు, ప్లాస్టిక్ సంచి కనపడితే లాక్కుపోతాయి. వాటికి తిండి పెట్టకండి, కరిస్తే ఆ రోజు ఆసుపత్రిలో ముగుస్తుంది.

ఇక భోజనం. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాళ్లు పెనంలా కాలుతుంటాయి, ఆ గంటన్నర నీడలో గడపడమే తెలివి. అంకోర్ వాట్ ఎదుట వరసగా హోటళ్లున్నాయి. శాకాహారులు "నో మీట్" అంటే సరిపోదు. అక్కడ చేప నుంచి తీసిన ఉప్పునీరు, తుక్ త్రై అంటారు, అది మన ఇంగువలా దాదాపు అన్నిట్లో పడుతుంది. కూరల ముద్దలో రొయ్యపొడి కూడా ఉండొచ్చు. "ఞామ్ బువహ్" అంటే శాకాహారం తింటాను అని. దానికి తోడు "ఒత్ డాక్ తుక్ త్రై", చేపనీరు వేయొద్దు అని చెప్పండి. సంకోచం ఉంటే తెల్లన్నం, వేయించిన ఆకుకూర, కొబ్బరి బోండాంతో గట్టెక్కొచ్చు. వెంట ఒక చిన్న ఆవకాయ సీసా తెచ్చుకున్నవాళ్లను నవ్వకండి.

ఒకటిన్నర, రెండు మధ్య అంకోర్ వాట్ కందకం దాటండి. కందకమే 190 మీటర్ల వెడల్పు. రెండో సూర్యవర్మ పన్నెండో శతాబ్దం మొదటి సగంలో విష్ణువు కోసం కట్టించాడు. ఇసుకరాయి నలభై కిలోమీటర్ల దూరంలోని కులెన్ కొండల నుంచి వచ్చింది. పడమటి ప్రవేశ గోపురంలో నేరుగా మధ్య దారిలో దూరిపోకుండా కుడివైపుకి వెళ్లండి. అక్కడ ఎనిమిది చేతుల విష్ణువు నిలబడి ఉంటాడు. ఈనాటికీ పూజలందుకుంటున్నాడు, 'తా రీచ్' అన్న పేరుతో. రాజతాత అన్నమాట. అగరొత్తులు, పట్టు ఉత్తరీయం, పళ్లు, పూలు, అంతా మన గ్రామదేవత వాలకమే.

ఆ వేళలో బయట ఎండ మండుతుంటుంది, కానీ మీరు చూడబోయేవి కప్పున్న వసారాలు. మూడో ఆవరణ చుట్టూ 187 మీటర్లు ఒక వైపు, 215 మీటర్లు ఇంకో వైపు, మొత్తం చుట్టుకొలత 800 మీటర్ల పైచిలుకు. ఎక్కువమంది ఈ వసారాను అడ్డంగా దాటి పైకి పోతారు. మనం మటుకు ఇక్కడే ఆగాలి, ఎందుకంటే ఈ గోడల మీద ఉన్నవి మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథలు. గైడు లేకుండా చదవగలిగే అదృష్టం మనకుంది. పక్కన ఐరోపావాళ్లు పుస్తకం తిరగేస్తుంటే మీరు బొమ్మ చూసి పేరు చెప్పేస్తారు.

పడమటి వాకిలి నుంచి కుడికి తిరగండి. గోడ మీ ఎడమచేతి వైపు ఉంటుంది. అంటే ప్రదక్షిణకు ఎదురు దిశ. బొమ్మల వరస అలాగే సాగుతుంది. ఇది అపరకర్మల దిశ కాబట్టి, గుడి పడమటి ముఖం కాబట్టి, రాజు సమాధి గుడిగా కట్టించుకున్నాడని కొందరు పండితుల వాదన. బయోన్‌లో పొద్దున కుడివైపు గోడతో నడిచినవాళ్లకు ఈ తేడా ఒంటికే తెలుస్తుంది.

మొదటిది కురుక్షేత్రం, 49 మీటర్లు. ఎడమనుంచి కౌరవులు, కుడినుంచి పాండవులు. చివర్లలో సైన్యం క్రమంగా కవాతు చేస్తుంటుంది, మధ్యకు వచ్చే కొద్దీ ఒకరిమీద ఒకరు పడి కలగాపులగం. ఎడమ భాగంలో పైన అంపశయ్య మీద భీష్ముడు. సిగ ముడి, బ్రాహ్మణ వాలకంతో ద్రోణుడు. అర్జునుడి రథం మీద కృష్ణుడు నాలుగు చేతులతో ఉంటాడు, చూడగానే పట్టుబడతాడు. కొన్నిచోట్ల రాయి అద్దంలా మెరుస్తోందంటే అది శతాబ్దాలుగా జనం చేతులు రుద్దిన గుర్తు. మీ చెయ్యి కలపకండి.

దక్షిణం వైపు ముందు సూర్యవర్మ ఊరేగింపు. గొడుగుల కింద రాజు, పక్కన చిన్న శాసనంలో పరమవిష్ణులోక అని ఆయన మరణానంతర నామం. అక్షరాలు చదవలేకపోయినా దగ్గరగా చూడండి. ఖ్మేర్ లిపి పల్లవ లిపి నుంచి పుట్టింది, అంటే మన లిపికి దాయాది. ఇవాళ్టి బోర్డుల మీద ఖ్మేర్ అక్షరాలకు తలకట్టు లాంటి గీత, కింద ఒత్తులు చూస్తే ఆ చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. తలకట్టును వాళ్లు 'జుట్టు' అంటారు, ఒత్తును 'కాలు' అంటారు.

ఆ తర్వాతిది స్వర్గనరకాలు, 37 స్వర్గాలు, 32 నరకాలు. దున్నపోతు మీద అనేక చేతుల యముడు, పక్కన చిత్రగుప్తుడు. నరకాలకు పేర్లు చెక్కారు: అవీచి, వైతరణి, రౌరవం, కుంభీపాకం. గరుడ పురాణం విన్నవాళ్లకు ఒక్క పేరూ కొత్తది కాదు. ఏ తప్పుకు ఏ శిక్షో బొమ్మలో ఉంది, పిల్లలు వెంట ఉంటే వాళ్లకు ఎంత చెప్పాలో ముందే అనుకోండి.

తూర్పు మూల తిరగగానే క్షీరసాగర మథనం. 49 మీటర్ల ఒకే బొమ్మ, ఎడమన 92 మంది అసురులు వాసుకి తల వైపు, కుడిన 88 మంది దేవతలు తోక వైపు. మధ్యలో విష్ణువు, కింద కూర్మం, పైన నురుగులోంచి పుట్టి ఎగిరిపోతున్న అప్సరసలు. కింద నీళ్లను చూడండి. అంచుల్లో చేపలు, మొసళ్లు నిండుగా ఉన్నాయి, మందరం దగ్గరికి వచ్చేసరికి సుడి వేగానికి ముక్కలు ముక్కలుగా తెగిపోయాయి. చిలికే వేగాన్ని కదలని రాతిలో చూపించడానికి శిల్పి వేసిన ఎత్తు అది. ఈ ఒక్క గోడకు ఇరవై నిమిషాలివ్వండి. దీని కప్పు కారి ఉప్పు పేరుకుని బొమ్మలు పాడవుతుంటే, రాళ్లు విప్పి మళ్లీ పేర్చిన పని 2012లో పూర్తయింది.

తర్వాతి రెండు గోడలు, తూర్పు ఉత్తర భాగం, ఉత్తరం తూర్పు భాగం, వేగంగా నడిచిపోవచ్చు. అవి పదహారో శతాబ్దంలో చెక్కినవి, చేతిపని మొరటు. బాణాసురుడి మీదికి గరుడుడెక్కి వస్తున్న కృష్ణుడు ఒకే గోడ మీద మళ్లీ మళ్లీ వస్తాడు, చివర కైలాసంలో శివుడి ముందు మోకరిల్లుతాడు. కథ తెలిసినవాళ్లకు అది చాలు. చివరగా పడమటి ఉత్తర భాగంలో లంకా యుద్ధం. మూడు దాటాక ఇక్కడికి వస్తే పడమటి వెలుతురు గోడ మీద ఏటవాలుగా పడుతుంది, లోతు తక్కువ చెక్కడాలకు అదే కావాలి. హనుమంతుడి భుజాల మీద నిలబడ్డ రాముడు, వెనక లక్ష్మణుడు, విభీషణుడు. ఎదురుగా సింహాలు లాగే రథం మీద ఇరవై చేతుల రావణుడు. కోతులు కొరికే తీరు, కుమ్ములాటలో తోకలు, ఇదంతా సరదాగా చెక్కినవాడి పని. నైరుతి మూల మండపంలో గోవర్ధనం, వాలి వధ ఉన్నాయి, చీకటిగా ఉంటుంది. ఫోన్ టార్చ్‌ను ఎదురుగా కాక పక్కనుంచి పట్టండి, అప్పుడే బొమ్మ లేస్తుంది.

పై అంతస్తు, బకాన్ అంటారు, దానికి మూడున్నరకల్లా వరసలో నిలబడాలి. ఐదుకు మూసేస్తారు. ఒకసారి లోపల పరిమిత సంఖ్యలోనే ఉంచుతారు కాబట్టి వరస నెమ్మదిగా కదులుతుంది. అసలు రాతి మెట్లు నిచ్చెనంత నిటారు, వాటి మీద చెక్క మెట్లు వేశారు. 12 ఏళ్లలోపు పిల్లలను, గర్భిణులను పైకి పంపరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. ఇక్కడ చాలామంది మన ఆడవాళ్లు చిక్కుకునేది ఒకటే: చేతుల్లేని జాకెట్ మీద చున్నీ కప్పుకుంటే ఒప్పుకోరు. చేతులున్న జాకెటో, కుర్తానో ఉండాలి. టోపీ తీసేయాలి. చీరతో ఎక్కడం కుదురుతుంది గానీ దిగేటప్పుడు కుచ్చిళ్లు కాలికి తగులుతాయి, సల్వార్ మేలు.

ఇంకొకటి, పంచాంగం చూసుకోండి. బౌద్ధుల పుణ్యదినాల్లో, అంటే అష్టములు, పౌర్ణమి, అమావాస్యల అటూఇటూ నెలకు నాలుగు రోజులు, బకాన్ మూసి ఉంటుంది. వాళ్ల లెక్కకు మన తిథికి ఒక రోజు తేడా రావచ్చు, హోటల్‌లో అడిగి తేల్చుకోండి. ఒక్క రోజు టికెట్ కొని అమావాస్య నాడు వెళ్లి మెట్ల కింద నిలబడటం కంటే తేదీ ఒకటి జరుపుకోవడం తేలిక.

కిందికి దిగేసరికి నాలుగున్నర. ఇప్పుడు తిరిగి పడమటి బాటలో కొలనుల దాకా నడిచి వెనక్కి తిరగండి. పొద్దున గుంపు నల్లగా చూసిన ఐదు గోపురాలూ ఇప్పుడు ఎదురెండలో తేనెరంగులో ఉంటాయి, చెక్కడంతో సహా కనపడతాయి. కొలను దగ్గర పొద్దున్నంత తోపులాట ఉండదు. చాలామంది ఈ వేళకు బఖెంగ్ కొండ ఎక్కి సూర్యాస్తమయం కోసం వరసలో ఉంటారు, అక్కడ ఒకేసారి 300 మందినే ఉండనిస్తారు. మిగతావాళ్లు కొండ మీదే క్యూలో ఉండగానే పొద్దు గుంకిపోతుంది.

ఐదున్నరకు కాపలావాళ్లు బయటికి పంపిస్తారు. కందకం గట్టు మాత్రం రోడ్డు పక్కనే, ఎవరూ లేపరు. సాయంత్రం సియెం రీప్ కుటుంబాలు అక్కడ చాపలు పరుచుకుని తింటుంటారు. డ్రైవర్‌ను ప్రధాన పార్కింగ్‌లో కాక ఆ గట్టు నైరుతి మూల దగ్గర ఉండమంటే, బయటికి వచ్చే బండ్ల గుంపులో ఇరుక్కోకుండా ఊళ్లోకి తేలిగ్గా పోవచ్చు. దోమల మందు ఆ వేళకే రాసుకోండి, నీటి పక్కన అవి పొద్దు వాలకముందే దిగుతాయి.